ఇరుక్కున్న డొల్ల

టమరాక్ సరస్సు, ఉత్తర మెయిన్
అక్టోబరు 5, 1953

అక్కా,

కలప లారీ డ్రైవరు బయట హారన్ మోగిస్తున్నాడు. అందుకని కట్టె కొట్టె తెచ్చె అన్నట్టు రాస్తున్నాను. ఈ పొడుగాటి మూటలో ఉన్నది మా పెళ్ళికి నాన్న ఇచ్చిన రైఫిలు. దానికి జబ్బు చేసింది. పేలడం పేలుతుంది గానీ, పేలాక తూటా ఖాళీ డొల్ల బయటికి ఎగరడం లేదు. సగం తొంగిచూసి అక్కడే ఇరుక్కుంటోంది. అది కదిలితే కదా రెండో తూటా లోపలికి పోయేది!

ఎలా తెలిసిందో చెప్తాను, కంగారుపడకు. మనుషులం అందరం బాగానే ఉన్నాం. పోయిన వారం హార్ట్‌ఫర్డ్ నుంచి హోలిస్టర్ అని ఒక పళ్ళ డాక్టరు ఎలుగుబంటి వేటకి వచ్చాడు. గైడుగా వెంట వెళ్ళిన మా లూసియెన్ వద్దంటున్నా వినకుండా ఎక్కడో దూరం నుంచి కాల్చి, దాని పొట్టలో గాయం చేశాడు. అది ఆల్డర్ పొదల్లో దూరింది. గాయపడ్డ జంతువుని అలా వదిలేసి రాకూడదు కదా, గైడన్నవాడు వెళ్ళి పని ముగించాలి. లూసియెన్ వెళ్ళాడు, వెనకాలే మా కుక్క టాన్సీ. ఎలుగు వాళ్ళ ముందే లేచింది. ఆయన ఒక గుండు వేశాడు. రెండోది పేలలేదు, డొల్ల ఇరుక్కుంది. అరచేత్తో కొట్టి ఊడదీసేలోగా అది మీదికొచ్చింది. టాన్సీ మధ్యలో దూకింది.

టాన్సీని పడవల పాక వెనకాల పాతిపెట్టాం.

ఆఖరికి ఎలుగుని చంపింది ఆ డాక్టరే, చెట్టు చాటు నుంచి. లూసియెన్‌కి గీత కూడా పడలేదు. స్ప్రింగు చచ్చిపోయింది, అంతే అంటాడు. నవంబరులో జింకల వేట మొదలవుతుంది. మూడు జట్లు వస్తామని రాశాయి. ఆలోగా బాగుచేసి పంపు.

నీ
ఓర్ఫా

బాంగర్
అక్టోబరు 10

చెల్లీ,

టాన్సీ గురించి చదివి చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను. పోయినసారి నేను వచ్చినప్పుడు నా చెప్పు ఎత్తుకుపోయి సరస్సులో పారేసింది, గుర్తుందా? ఇప్పుడు రెండో చెప్పు కూడా ఇచ్చేద్దును.

ఇక రోగి సంగతి. నాన్న బల్ల మీద పరిచి, పేగులన్నీ బయటికి తీశాను. ఈ రకం రైఫిలు పేలగానే గొట్టమూ, దాని వెనకున్న బోల్టూ కలిసి లోపల్లోపలే వెనక్కి జరుగుతాయి. అక్కడ ఒక కొక్కెం డొల్లని గట్టిగా పట్టుకుంటుంది. గొట్టం మళ్ళీ ముందుకి పోతుంది. ఒంటరిగా మిగిలిన డొల్లని ఒక చిన్న ముక్క పక్కకి తన్నేస్తుంది. ఇదంతా నువ్వు కన్ను మూసి తెరిచేలోగా జరగాలి. మధ్యలో ఏ ఒక్కదానికి బలం తగ్గినా డొల్ల గుమ్మంలోనే నిలబడిపోతుంది.

లోపల పాత గ్రీజు తారులా గడ్డకట్టి ఉంది. మా మరిది గొట్టం తుడుస్తాడు గానీ గర్భం తుడవడని చెప్పు. కిరసనాయిలుతో కడిగేశాను. కొక్కెం అంచు అరగలేదు. తూటా కూర్చునే గదిలో గీతలేమీ లేవు, అయినా ఒకసారి మెరుగు పట్టాను. స్ప్రింగు బతికే ఉంది, అయినా కొత్తది వేశాను, అతని మాట నిలబెట్టడానికి. తర్వాత ఊరి బయట కంకర గుంటకి తీసుకెళ్ళి ఒక డబ్బా తూటాలు కాల్చాను. ఒక్క డొల్ల కూడా ఇరుక్కోలేదు. అన్నీ మిడతల్లా కుడిపక్కకి ఎగిరి పడ్డాయి. చెత్త పారబొయ్యడానికి వచ్చిన ముసలాయన ఒకడు, “ఏమ్మా, ఎవరి మీద అంత కోపం?” అన్నాడు. “గ్రీజు తుడవని మా మరిది మీద,” అన్నాను.

ఈ ఉత్తరంతోనే రైఫిలు పంపుతున్నాను. చలికాలంలో నూనె పలచగా రాయమను.

థర్జా

టమరాక్ సరస్సు
అక్టోబరు 15

అక్కా,

నీ కిరసనాయిలూ వద్దు, నీ మెరుగూ వద్దు. మళ్ళీ ఇరుక్కుంది.

రైఫిలు వచ్చిన రోజే లూసియెన్ పెరట్లో మొద్దు మీద రంగుడబ్బా మూత నిలబెట్టి కాల్చాడు. మొదటి డొల్ల ఎలాగో జారి బూట్ల మీద పడింది. రెండోది ఇరుక్కుంది. దాన్ని లాగి, మూడోది కాల్చాడు. మళ్ళీ అదే. రైఫిల్ని కట్టెల పేర్పుకి ఆనించి లోపలికి వచ్చేశాడు. “మీ అక్కకి చేతకాకపోతే చేతకాదని చెప్పమను. పోర్ట్‌లండ్‌లో ఎవరికైనా పంపుదాం,” అన్నాడు. నాకు సిగ్గేసింది. నాన్న ఉండగా ఆ దుకాణంలోంచి బాగుపడని తుపాకీ ఏదైనా బయటికి వచ్చిందా?

ఇంకో సంగతి. హోలిస్టర్ ఊరికే ఉండలేదు. అగస్టాలో గైడుల ఆఫీసుకి ఫిర్యాదు రాశాడు. గైడు ఎలుగుని చూసి భయంతో బిగుసుకుపోయాడనీ, తాను కాల్చకపోతే ఇద్దరూ చచ్చేవాళ్ళనీ. భయమట! ఈ సరస్సు పూర్తిగా గడ్డకట్టకముందే పలచటి మంచు మీద నడిచి మనుషుల్ని బయటికి లాగినవాడు లూసియెన్. ఆ కాగితం చదివాక రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నవంబరు మొదట్లో వేటల మీద అజమాయిషీ చేసే వార్డెన్ ఫోగ్ విచారణకి వస్తాడు. లైసెన్సు పోతే మేం నడుపుతున్న ఈ వేట క్యాంపు మూసుకోవలసిందే.

అందుకని ఒక్క పని చేసిపెట్టు. అవే తూటాలు ఒక డబ్బా, రైఫిలు మళ్ళీ పంపుతున్నాను. ‘ఈ రైఫిలులో లోపముంది’ అని నీ దుకాణం కాగితం మీద నాలుగు ముక్కలు రాసివ్వు. నాన్న పేరున్న దుకాణం. ఫోగ్ నమ్ముతాడు.

ఓర్ఫా

బాంగర్
అక్టోబరు 20

ఓర్ఫా,

నువ్వు పంపిన తూటాలతోనే కాల్చాను. తెల్లారకముందే కంకర గుంటకి వెళ్ళాను, గ్రీజు చలికి ముద్ద కడుతుందేమో చూద్దామని. రాత్రంతా రైఫిల్ని బయట మంచులో ఉంచి కాల్చాను. కావాలనే లోపల కాస్త మురికి పూసి కూడా కాల్చాను. డొల్ల ఎగిరింది. ప్రతిసారీ ఎగిరింది.

కూర్చుని ఆలోచించాను. మన చిన్నప్పుడు ఈ రకం తుపాకీ ఎవరైనా తెస్తే నాన్న ముందు తుపాకీని చూసేవాడు కాదు, తెచ్చినవాణ్ణి చూసేవాడు. “ఏదీ, ఎలా పట్టుకుంటావో చూపించు,” అనేవాడు. గొట్టం వెనక్కి జరగాలంటే తుపాకీ ఒళ్ళు కదలకుండా నిలబడాలి కదా. దాన్ని నిలబెట్టేది భుజం. వెనక చెక్క మడమ భుజానికి గట్టిగా ఆనకపోతే తుపాకీ మొత్తం గొట్టంతోపాటే వెనక్కి పోతుంది. లోపల జరగవలసిన జరుగుడు జరగదు. కొక్కెం డొల్లని లాగుతుంది గానీ బయటికి తన్నేంత దూరం లాగదు.

అందుకని మడమని చంకలో పెట్టుకుని, చెయ్యి వదులుగా ఉంచి కాల్చాను. మొదటి డొల్ల నా బూట్ల మీద పడింది. రెండోది ఇరుక్కుంది. నువ్వు రాసింది రాసినట్టు.

లూసియెన్ ఎక్కడైనా జారిపడ్డాడా? భుజానికి దెబ్బ తగిలిందా? ఎలుగు చెయ్యి విసిరిందేమో, నీతో చెప్పలేదేమో. ఒకసారి చొక్కా విప్పించి చూడు.

కాగితం రాసివ్వలేను. లోపం లేనిదానికి ఉందని రాస్తే ఆ గోడ మీది నాన్న ఫొటో వంక చూడలేను.

రైఫిలు నా దగ్గరే ఉంది. సమాధానం రాయి.

థర్జా

టమరాక్ సరస్సు
అక్టోబరు 23

థర్జా,

నేను అడిగింది తుపాకీ గురించి. నువ్వు చెప్పేది నా మొగుడి గురించి.

నువ్వు బొమ్మలతో ఆడుకుంటున్నప్పటి నుంచీ ఆయన చేతిలో తుపాకీ ఉంది. ఎలా పట్టుకోవాలో ఆయనకి నువ్వు నేర్పుతావా, నీ కంకర గుంటలో నిలబడి? హోలిస్టర్ భయపడ్డాడన్నాడు. నువ్వు పట్టుకోవడం రాదంటున్నావు. తేడా ఏముంది?

ఆయన ఎక్కడా పడలేదు. దెబ్బా లేదు, ఏమీ లేదు. కాగితం ఇవ్వకపోతే మానె. రైఫిలు పంపు.

ఓర్ఫా

బాంగర్
అక్టోబరు 26

ఓర్ఫా,

బొమ్మలతో ఆడుకున్నది నువ్వు. నేను నీకంటే పెద్దదాన్ని, కోపంలో అది కూడా మర్చిపోయావు. నేను బొమ్మలతో ఆడలేదు, నాన్న పక్కన ఆకురాయి పట్టాను. తిట్టు, పడతాను. కానీ రైఫిలు పంపను.

నువ్వు పంపిన మూటలు రెండూ ఇక్కడే నా ముందున్నాయి. లూసియెన్ కట్టే ముడి నాకు తెలుసు. ఉచ్చులు పన్నేవాళ్ళ ముడి, కత్తితో కోస్తే గానీ రాదు. క్రిస్మస్‌కి జింక మాంసం పంపిన ప్రతిసారీ ఆ ముడితో కుస్తీ పట్టి అతన్ని తిట్టుకుంటాను. ఈ రెండు మూటలకీ ఉన్నవి నీ ముళ్ళు. చెప్పుల తాడు ముళ్ళు. లాగగానే ఊడిపోయాయి. పై చిరునామా కూడా నీ రాతే. ఆ చిరునామా ఎప్పుడూ అతనే రాసేవాడు, ‘ఫలానా ముసలి పిల్లికి’ అని నన్ను ఏడిపించడానికి.

అతని చేతికి ఏమైంది?

నువ్వు ఆ రైఫిలు కాల్చి చూశావా? కాల్చే ఉంటావు, నాన్న కూతురివి. కాలిస్తే నీ చేతిలో డొల్ల ఎగిరిందా లేదా? ఇది ఒక్కటి నాకు చెప్పు.

పొదలో గాయపడ్డ జంతువు ముందుకి ఆ తుపాకీతో అతను మళ్ళీ వెళ్తాడు. వెళ్ళకుండా ఉండడు, అతను అలాంటివాడే. ఒకసారి మధ్యలో కుక్క దూకింది. ఇంకోసారి ఎవరు దూకుతారు? వేటకి వచ్చేవాళ్ళలో ఎవరైనానా? నువ్వా?

నువ్వు నిజం చెప్పకపోతే ఫోగ్‌కి నేనే రాస్తాను. ఊరికే అనడం లేదు.

థర్జా

టమరాక్ సరస్సు
అక్టోబరు 28

అక్కా,

ఎగిరింది. నా చేతిలో ప్రతి డొల్లా ఎగిరింది.

నీ మొదటి రిపేరుకి ముందే కాల్చాను, మంచుగడ్డల కొట్టు వెనకాల. ఏ తూటా దగ్గరా ఆగలేదు. చివరిది కాల్చి వెనక్కి తిరిగితే లూసియెన్ నిలబడి ఉన్నాడు. గడ్డిలో పడున్న డొల్లల వంక చూశాడు. వంగి ఒకటి తీశాడు. అది వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ జారింది. “ఎవరికీ చెప్పకు,” అన్నాడు. “అక్కకి కూడానా?” అన్నాను. “ముఖ్యంగా అక్కకి. ఆవిడ ఊరుకోదు, విప్పి చూస్తుంది,” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అయినా ఏదో ఒక లోపం తుపాకీలోనే దొరకాలని నీకు పంపాను.

సరస్సు మంచు కరిగిన రోజుల్లో మొదలైంది. పడవ నడుపుతుంటే తెడ్డు కుడిపక్క బలంగా పడేది కాదు, పడవ పక్కకి లాగేసేది. గాలి అన్నాడు. తర్వాత గొడ్డలి చేతిలోంచి జారింది. చెమట అన్నాడు. వేసవిలో చొక్కా గుండీలు నేను పెట్టడం మొదలుపెట్టాను. దాని గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు. పొద్దున్నే వచ్చి నా ముందు నిలబడతాడు, నేను పెడతాను, అంతే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంట పడిపోయింది. జబ్బ మీద చర్మం కింద ఏదో పాకుతున్నట్టు అదురుతూ ఉంటుంది. నొప్పి లేదంటాడు. నొప్పుంటే బాగుండునక్కా, నొప్పికి మందు రాయొచ్చు. కుడిచెయ్యి రొమ్ము పైకి లేవదు. అందుకే మడమని చంకలో పెట్టుకుని కాలుస్తాడు. నువ్వు అక్కడ కూర్చుని కనిపెట్టావు. నేను ఇక్కడ పక్కనే ఉండి చూడనట్టు నటించాను.

ఆ కాగితం అడిగినప్పుడు నాకంతా తెలుసు. తెలిసే నీచేత అబద్ధం రాయించాలనుకున్నాను.

ఇప్పుడు కాగితం వద్దు. రైఫిలు పంపు చాలు. వచ్చే మంగళవారం ఫోగ్ వస్తాడు. కాల్చి చూపించమంటాడు. లూసియెన్ కాలుస్తాడు, డొల్ల ఇరుక్కుంటుంది. ఫోగ్ కళ్ళారా చూస్తాడు. ఎవరూ ఏ అబద్ధమూ చెప్పక్కర్లేదు. తప్పు తుపాకీది అవుతుంది. ఆయన భయపడ్డాడన్న మాట కొట్టుకుపోతుంది. నిన్ను అడుగుతున్నది ఒక్కటే, నోరు మూసుకోమని.

నువ్వు ఫోగ్‌కి రాస్తే నాకు అక్క లేదనుకుంటాను. నేనూ ఊరికే అనడం లేదు.

ఓర్ఫా

బాంగర్
అక్టోబరు 30

ఓర్ఫా,

రైఫిలు పంపుతున్నాను. అది మీ పెళ్ళికి ఇచ్చింది, దాచుకునే హక్కు నాకు లేదు. శుభ్రంగా ఉంది, ఏ లోపమూ లేదు.

ఫోగ్‌కి నేను రాయను. నీ బెదిరింపుకి జడిసి కాదు. గుండీల సంగతి చదివాక రాయలేకపోయాను, అంతే. ఆ మాట బయటికి వస్తే మీ ఇద్దరి నోటి నుంచే రావాలి.

కానీ ఒకటి అడుగుతాను, కాగితం చింపెయ్యకుండా చివరిదాకా చదువు. మంగళవారం నువ్వనుకున్నట్టే జరిగిందనుకో. తప్పు తుపాకీ మీదికి పోయింది. ఫోగ్ వెళ్ళిపోయాడు. అప్పుడేమవుతుంది? లూసియెన్ ఇంకెవరిదో తుపాకీ తీసుకుంటాడు, బోల్టు చేత్తో లాగేది. ఆ బొటనవేలితో లాగగలడా? వచ్చేవాళ్ళు అతన్ని నమ్ముకుని అతని వెనకాల అడవిలోకి నడుస్తారు. ఆ జట్లలో ఎవరున్నారో నాకు తెలీదు. నీకు తెలుసు, వాళ్ళ పక్కలు పరిచేది నువ్వు.

అతను భయపడలేదని అందరికీ తెలియాలని నీ ఏడుపు. తుపాకీ పాడైందంటే సగమే తెలుస్తుంది. లేవని చేత్తో, ఆ సంగతి తెలిసి కూడా, పొదలోకి నడిచాడే, అది తెలియదు.

ఇక్కడ నరాల డాక్టరు ఒకడున్నాడు. పేరు చెప్పకుండా అతనికి నువ్వు రాసినవన్నీ చెప్పాను. కండ గుంట పడడం, అదురు, నొప్పి లేకపోవడం. వింటున్నకొద్దీ మొహం మారింది. వెంటనే తీసుకురమ్మన్నాడు. రోగం పేరు నేను అడగలేదు.

నేను నోరు మూసుకుంటాను. నువ్వు ఏం చేసినా నీకు అక్కనే.

థర్జా

టమరాక్ సరస్సు
నవంబరు 4

అక్కా,

రాత వంకరగా ఉంటే తిట్టకు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీ ఉత్తరం లూసియెన్‌కి చూపించలేదు. పొయ్యి మీది అరలో, పిండి డబ్బా వెనక పెట్టాను. చదివాడో లేదో ఇప్పటికీ నాకు తెలీదు.

నిన్న మధ్యాహ్నం ఫోగ్ జీపులో వచ్చాడు. మంచివాడే. బీన్సు రెండుసార్లు పెట్టించుకు తిన్నాడు, నా రొట్టె మెచ్చుకున్నాడు, వాతావరణం గురించి మాట్లాడాడు. ఆ పని మాట ఎత్తడానికి అతనికీ మొహమాటంగానే ఉంది. చివరికి, “సరే లూసియెన్, ఆ తుపాకీ ఏదో చూద్దామా?” అన్నాడు.

పెరట్లోకి వెళ్ళాం. మొద్దు మీద డబ్బా మూత. నేను గిన్నెలు తుడిచే గుడ్డతోనే వెళ్ళి మెట్ల దగ్గర నిలబడ్డాను. లూసియెన్ మడమని చంకలో ఇరికించుకున్నాడు. వేటలో అలా తొందరగా కాల్చేవాళ్ళు ఉంటారు గనక ఫోగ్‌కి వింతగా తోచలేదు. మొదటిది పేలింది. డొల్ల బూట్ల మీద పడింది. రెండోది పేలింది. ఇరుక్కుంది.

ఫోగ్ దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. వేలితో డొల్లని తట్టాడు. “ఓహో, అయితే ఇదన్నమాట సంగతి. ఎలుగు ఎదురుగా ఉండగా ఇలా అయితే ఎవడు మాత్రం ఏం చేస్తాడు? ఆ డాక్టరుగారికి నేను నచ్చజెప్తాలే. నువ్వు ఇంకో తుపాకీ చూసుకో,” అన్నాడు. లూసియెన్ వీపు తట్టాడు. జీపు వైపు నడిచాడు.

అయిపోయిందక్కా. నేను కోరుకున్నట్టే, ఒక్క అబద్ధం కూడా లేకుండా అయిపోయింది. నేను నోరు తెరవలేదు. తెరవాలని అనిపించింది, తెరవలేదు. నాకు ఊపిరి తేలిగ్గా ఆడింది, అది కూడా నీతో చెప్పాలి.

“ఫోగ్, ఆగు,” అన్నాడు లూసియెన్.

డొల్లని వేళ్ళతో తియ్యలేక, రైఫిల్ని కంచె గుంజకి రాసి ఊడగొట్టాడు. నా దగ్గరికి వచ్చి, ఎడంచేత్తో పట్టుకుని నా ముందుకి చాపాడు. “నువ్వు కాల్చు,” అన్నాడు.

నేను తల అడ్డంగా ఊపాను.

“కాల్చు ఓర్ఫా. ఆయన చూస్తాడు.”

తీసుకున్నాను. ఇంకేం చెయ్యను? భుజానికి ఎత్తేలోపల నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. వదులుగా పట్టుకుంటే ఇరుక్కుంటుందని రాశావు కదా. చెయ్యి కాస్త సడలిస్తే చాలు, నా చేతిలో కూడా ఇరుక్కుంటుంది. ఫోగ్ జీపెక్కుతాడు. నీతో ఒట్టేసి చెప్తున్నాను, సడలించాను. మడమ భుజానికీ చంకకీ మధ్య ఎక్కడో గాల్లో ఉంది.

లూసియెన్ నా మొహం వంక చూడడం లేదు, నా భుజం వంకే చూస్తున్నాడు. ఎంతమందికి కాల్చడం నేర్పినవాడు! “సరిగ్గా ఆనించు,” అన్నాడు మెల్లిగా. నేను కదలలేదు. వెనక్కి వచ్చి, ఎడం అరచెయ్యి నా వీపు మీద, భుజం వెనకాల పెట్టాడు. ముందుకి నెట్టాడు. మడమ వచ్చి భుజంలో కూర్చుంది. “ఊఁ, ఇప్పుడు,” అన్నాడు.

ఉన్నవన్నీ కాల్చాను. నాకు మూత కనిపించడం లేదు, కళ్ళ నిండా నీళ్ళు. ఎటు తగిలిందో తెలీదు. డొల్లలు మాత్రం ఒకదాని వెనక ఒకటి నా చెవి పక్క నుంచి ఎగిరి వెళ్ళి ఎండుటాకుల్లో పడ్డాయి. ఆ చెయ్యి మాత్రం చివరిదాకా నా వీపు మీంచి తియ్యలేదు.

ఫోగ్ దగ్గరికి వచ్చాడు. ఆకుల్లో డొల్లల్ని చూశాడు, లూసియెన్‌ని చూశాడు. లూసియెన్ కుడిచెయ్యి ఎత్తాడు, ఎంతవరకు లేస్తుందో అంతవరకు. రొమ్ము దగ్గర ఆగింది. “తుపాకీకి ఏమీ కాలేదు. నేనూ బెదరలేదు. ఇదీ ఉన్న సంగతి. ఎండాకాలం నుంచీ ఇంతే. తెలిసే వేటకొచ్చినవాళ్ళని తీసుకెళ్ళాను, అది నా తప్పు. ఆ డాక్టరుకి ఇది రాయి,” అన్నాడు.

టోపీ తీసి, దానికున్న గైడు బిళ్ళ ఊడదియ్యబోయాడు. వేళ్ళకి పిన్ను అందలేదు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాడు. నేను వెళ్ళేలోగానే ఫోగ్ టోపీ అందుకున్నాడు. తీస్తాడనుకున్నాను. అటూ ఇటూ తిప్పి, మళ్ళీ లూసియెన్ తల మీదే పెట్టాడు. “పెట్టుకో, చలిగా ఉంది,” అన్నాడు. “రాయవలసింది నేను రాస్తాను. రాశాక ఎలాగూ తీసుకుంటారు. ఇవాళ నా చేత్తో తియ్యను.”

తర్వాత నాకేసి తిరిగి, “నీకు లైసెన్సుందా?” అన్నాడు. లేదన్నాను. “ఈ అడవి నీకెంత తెలుసు?” అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా లూసియెన్, “నాకు తెలిసినంత. దారి తప్పితే నాకంటే ముందు ఒప్పుకుంటుంది కూడా,” అన్నాడు. ఏప్రిల్లో పరీక్షలున్నాయని చెప్పి ఫోగ్ వెళ్ళిపోయాడు. రాస్తానో లేదో నాకు తెలీదు. ఇప్పుడు దాని గురించి ఆలోచించలేను. మూడు జట్లకీ రావొద్దని రాసేశాను.

జీపు వెళ్ళాక ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు. ఆకలేస్తోంది, బీన్సు ఫోగ్ అంతా తినేశాడా, మిగిల్చాడా అని అడిగాడు. ఆ ఫిర్యాదు వచ్చాక ఇదే మొదటిసారి ఆయన ఆకలి అనడం.

మీ డాక్టరు దగ్గరికి వస్తామక్కా. ఎప్పుడు రమ్మంటావు? వచ్చేది ఇద్దరం. నాకు చాలా భయంగా ఉంది.

ఓర్ఫా

బాంగర్
నవంబరు 6

చెల్లీ,

సోమవారం పది గంటలకి డాక్టరు రమ్మన్నాడు. ఆదివారం రైలెక్కండి. స్టేషనులో నేనుంటాను. పైన నాన్న గది ఊడ్చి, కిటికీ సందులకి గుడ్డలు పెట్టాను. ఎన్నాళ్ళయినా ఉండండి. తొందరేమీ లేదు.

నువ్వు భుజం సడలించావని నాతో చెప్పావు. నేనైతే ఏం చేసేదాన్నో నాకు తెలీదు. నాకు పెళ్ళి కాలేదు, ఎవరి గుండీలూ పెట్టలేదు. కాబట్టి దాని గురించి ఇంకోసారి ఎత్తకు, నేనూ ఎత్తను.

రైఫిలు కూడా తీసుకురా. అది లూసియెన్ చేతి పొడుగుకి చేసింది. నీకు మడమ ఒక అంగుళం కొయ్యాలి. ఏప్రిల్లో పరీక్ష రాసినా రాయకపోయినా కోస్తాను. కోసేటప్పుడు అతను పక్కన కూర్చోవాలి. ఎక్కడ ఎంత తియ్యాలో అతను చెప్పాలి, నిన్ను కాల్చగా చూసినవాడు అతనే గనక. నాతో పోట్లాడాలి కూడా. ఈ దుకాణంలో నాతో పోట్లాడేవాళ్ళు లేక చాలా ఏళ్ళయింది.

డాక్టరు ఏం చెప్తాడో అని నాకూ భయంగానే ఉంది. అబద్ధం ఎందుకు?

స్టేషను మెట్లు ఎత్తుగా ఉంటాయి, మంచు పడితే జారతాయి. పెట్టెలు నువ్వు మొయ్యి, అతన్ని మొయ్యనివ్వకు. వద్దులే, ఏదైనా చిన్నది ఒకటి అతని ఎడంచేతికి ఇవ్వు.

నీ అక్క
థర్జా